తల్లిలేని కూనలకు పెంపుడుతల్లి

లోకమున కన్నతల్లికి సాటి వచ్చువారు లేరని పెద్దలందురు. అయినను కన్నతల్లి లేనిచోట పాలిచ్చి పెంచిన తల్లి కీర్తియు మన పురాణములయం దల్పము కాదు. దేవకీదేవి కన్న కృష్ణుని లోకము యశోదానందనుడని పిలుచుచున్నది. కుంతి నీట విడిచిన బిడ్డ సూతుని యింట పెరిగి, పెంచిన తల్లియైన రాధ పేరనే రాధేయుడని ప్రసిద్ధి కెక్కెను. మానవులయందలి యీ ధర్మము నోరులేని జంతువులయందును కలదని విని యుంటిమి గాని, గత మార్గశిరమున మా జన్వాడ గ్రామమున దానిని కన్నులార చూడగలిగితిమి. ఆ నలువది దినములలో మేము చేసిన తప్పులను, నేర్చుకొనిన సంగతులను సోదరీమణులకు విన్నవించుటకే యీ వ్యాసము.

జన్వాడ గండిపేట చెరువునకు చేరువనున్న గ్రామము. 1908వ సంవత్సరపు మూసీ వరదల పిమ్మట, పట్టణమునకు మరల అట్టి కీడు రాకుండుటకును, త్రాగునీటికిని కట్టబడి 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరమునే యిక్కడివారు గండిపేట యందురు. వెనుక మా యూరికి వచ్చునవి ఎడ్లబండ్లు, గొఱ్ఱెలమందలు. ఇప్పుడు శంకరపల్లికి పోవు బాటపై రేయింబవళ్లు వాహనములు పరుగెత్తుచున్నవి. మా వారు ఉపాధ్యాయులగుటచే మేము బడికి ఎదుటనే కాపుర ముందుము. ఆ బడి గోడ నీడను ఒక యెఱ్ఱకుక్క చాలకాలముగా ఉండెడిది. దానికి యజమానులు లేరు. బడిపిల్లలు తిని మిగిల్చిన మెతుకులే దాని గ్రాసము.

ఒకనాటి వేకువ జామున ఎవరి వాహనమో తగిలి ఆ కుక్క బాటప్రక్కను చచ్చిపడి యుండెను. దాని పొదుగు పాలతో నిండి యుండుట చూచి మా గుండె జల్లుమన్నది. పిల్లలు వెదకగా బడి వంటపాక వెనుక కట్టెలమోపుల నడుమ ఐదు కూనలు కనబడినవి. కన్నులు తెఱవలేదు. బొడ్డున త్రాడింకను ఎండి రాలలేదు. పుట్టి రెండు దినములకు మించి యుండదు. మంచుకు కొంకర్లు పోయి ఒకదానిపై నొకటి పడి సన్నగా మూలుగుచుండెను. బాలు రైదింటిని వెదురుగంపలో పెట్టుకొని మా వాకిట నిలిచిరి.

మా అత్తగారు మడి ఆచారములు గల పెద్దలు. ఏమందురో యని మేము జంకితిమి. ఆమె గంపలోనికి తొంగిచూచి, "వంటయింటి గడప దాటరాదు. పెరటి కట్టెలకొట్టములో పెట్టుకొనుడు" అని చెప్పి, లోనికి పోయి తమ పాత నూలుచీర నొకదానిని తెచ్చి యిచ్చిరి. అంతకంటె మాకు కావలసిన దేమున్నది?

ఇక మా తెలివితక్కువతనమును చెప్పుకొనవలెను. ఆకలిగొన్న పసికందులని తలచి, చేతికి వచ్చిన ఆవుపాలను కాచి, గోరువెచ్చగా చల్లార్చి, ప్రత్తివత్తితో నోట పోసితిమి. మనుష్యశిశువు నెట్లు ఒడిలో వెల్లకిల పరుండబెట్టుకొందుమో అట్లే ఆ కూనలను పట్టితిమి. వానిలో మిక్కిలి చిన్నదగు నల్లకూనకు పాలు ముక్కువెంట వచ్చినవి. తుమ్మినది. పొలమారినదని అనుకొంటిమి. సాయంకాలమునకు దాని శ్వాస గురగుర లాడెను. రెండవనాటి రాత్రి మా అరచేతిలోనే అది ప్రాణము విడిచెను. మిగిలిన నాలుగింటి పొట్టలును ఉబ్బి, అవి ఎడతెగక అరచుచుండెను.

మఱునాడుదయమున మా వారు ప్రభుత్వ పశువైద్యశాలకు పోయి డాక్టరుగారిని వెంటబెట్టుకొని వచ్చిరి. ఆయన చెప్పిన మాటలను మేము ఒక నోటుపుస్తకమున వ్రాసికొంటిమి. అవి ఇట్టి యాపద వచ్చిన ప్రతి యిల్లాలికి ఉపయోగించును గావున ఇచట పొందుపఱచుచున్నాము.

మొదటిది వెచ్చదనము. అప్పుడు పుట్టిన కుక్కపిల్లకు తన దేహమును తాను వేడిగా నుంచుకొను శక్తి లేదు. ఆ శక్తి కుదురుకొనుటకు రెండు మూడు వారములు పట్టును. తల్లి పొట్టయే వానికి కుంపటి. తల్లి లేనప్పుడు మొదటి వారమున అవి పడుకొను తావు సుమారు 30 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనముతో నుండవలెను. వేడినీళ్ల సీసాను మందమైన గుడ్డలో చుట్టి పెట్టె కొకవైపున మాత్రమే ఉంచవలెను. వేడి యెక్కువైనచో కూన రెండవవైపునకు ప్రాకిపోవుటకు చోటుండవలెను. దేహము చల్లబడిన కూనకు పాలు పోయరాదు. దాని ప్రేగులు కదలవు గనుక త్రాగిన పాలు జీర్ణము కాక పొట్టలో పులిసిపోవును. ముందు వెచ్చజేసి, తరువాతనే పాలు పోయవలెను. మేము దీనిని తలక్రిందులుగా చేసితిమి.

రెండవది పట్టు విధము. కుక్కపిల్ల తల్లివద్ద బోరగిల పడుకొని, మెడ కొంచెమెత్తి త్రాగును. మనము త్రాపునపుడును అట్లే ఉండవలెను. వెల్లకిల వేసి పోసినచో పాలు ఊపిరితిత్తులలోనికి దిగి ప్రాణమునకు ముప్పు తెచ్చును. మా నల్లకూన పోయినది ఇందువలననే. డాక్టరుగా రీ మాట చెప్పినపుడు మేము తల యెత్తలేకపోతిమి.

మూడవది మలమూత్రములు. పుట్టిన మూడు వారములవఱకు కూనలు తమంత తాము మూత్రము విడువలేవు. తల్లి వాని పొట్టక్రిందను తోకక్రిందను నాకుచుండగా ఆ తాకిడికే విడుచును. తల్లి లేనప్పుడు గోరువెచ్చని నీట ముంచిన దూదితో పాలు పోసిన ప్రతిసారి మెల్లగా తుడువవలెను. మా కూనల పొట్టలుబ్బుటకు కారణ మిది. ఆయన తుడిచి చూపగా నాలుగు కూనలును క్షణములో తేరుకొన్నవి.

నాలుగవది పాలు. కుక్కపాలలో మాంసకృత్తులును కొవ్వును ఆవుపాలలోకంటె సుమారు రెండింత లుండును. చక్కెర మాత్రము ఆవుపాలలోనే హెచ్చు. కావున కేవలము ఆవుపాలతో కూన ఎదుగక, విరేచనములకు లోనగును. కుక్కపిల్లలకొఱకే తయారగు పాలపొడి పట్టణపు దుకాణములలో దొరకును. అదియు లేని పల్లెలలో గొఱ్ఱెపాలు ఆవుపాలకంటె చిక్కనివగుటచే ఒకటి రెండు దినములు ఆదుకొనును. మొదటి వారమున రెండు మూడు గంటల కొకమారు, రాత్రియనక పగలనక త్రాపవలెను.

ఇవన్నియు చెప్పి డాక్టరుగారు, "వీనికి తల్లి రెండుదినములు పాలిచ్చినది, అదియే వీని యదృష్టము. మొదటి జున్నుపాలలోని రోగనిరోధకశక్తి పుట్టిన తొలిదినముననే వంటబట్టవలెను. ఇప్పుడు మీరు చేయవలసినది పాలిచ్చు కుక్క నొకదానిని వెదకుట. మీ చేతులకంటె దాని నాలుక మేలు" అనిరి.

మా యూర గొఱ్ఱెలు కాచుకొను కురుమ కుటుంబ మొకటి కలదు. ఆ యిల్లాలు మాకు అప్పుడప్పుడు గొంగడి ఉన్ని తెచ్చి యిచ్చుచుండును. వారి మోతి యను కుక్క వారము క్రిందట నాలుగు పిల్లలను పెట్టగా, అకాలవర్షమునకు తడిసి మూడు పోయినవి. ఒకటి మాత్రము దక్కినది. పాలు త్రాగువారు లేక పొదుగు బిగిసి మోతి బాధపడుచున్నదని విని మేము వారి గుడిసెకు పోయితిమి.

ఆమె మాటలు ఉన్నవున్నట్లు వ్రాయుచున్నాము. "పంతులమ్మా, పాలున్నయ్, కాదనను. గని నాలుగు పిల్లలు మీదబడి గుంజితె నా కుక్క చిక్కదా? నెల దాటినంక అది మందెంట పోవాలె. దానికి పాణం మంచిగలేకుంటె మా గొర్రెలను ఎవరు చూస్తరు?"

ఈ ప్రశ్నకు మావద్ద వెంటనే జవాబు లేకపోయెను. తల్లిలేని కూనలయందు మాకు జాలి గలిగినది, నిజమే. ఆ జాలికి కావలసిన పాలు మాత్రము మరియొకరి కుక్కవి. ఆ కుక్కపై ఒక పేదకుటుంబపు మంద ఆధారపడి యున్నది. మన దయకు వెల యొకరు చెల్లింపవలసి వచ్చినపుడు ఆ వెల యెంతయో తెలిసికొని అడుగుటయే న్యాయమని మాకు తోచినది. అందుచే మాట యిట్లు కుదుర్చుకొంటిమి. నలువది దినములు మోతియు దాని పిల్లయు మా కొట్టముననే యుండవలెను. దాని మేత, మందులు మావి. మోతి చిక్కినట్లు కనబడిన దినముననే మా కూనలను వేరుచేయవలెను. పెరిగిన కూనలలో మేలైనదానిని ఆమె యేరుకొనవలెను. ఆమె సరే యనెను.

కొత్తకూనలను తల్లికి అలవాటు చేయుట సులభము కాదు. కుక్క కన్నులతో కంటె ముక్కుతో తన బిడ్డను గుర్తించును. మోతిని ఆమె వెలుపల త్రిప్పుటకు తీసికొనిపోయినపుడు, మేము దాని గోనెపట్టాపై దాని పిల్లను, మా నాలుగు కూనలను ఒక్కచో కుప్పగా వేసి, ఆ గోనెతోనే వాని ఒడలు రుద్దితిమి. అరగంట యట్లుండనిచ్చి, మోతి పాలచుక్కలనే వాని వీపులపై పూసితిమి. అప్పుడు మోతి లోనికి వచ్చెను. మొదట తన పిల్లను నాకెను. పిదప ముక్కు చాచి వాసన చూచి గుఱ్ఱుమనెను. ఆమె దాని మెడ పట్టుకొని, "నీ పిల్లలే బిడ్డా, నీ పిల్లలే" యని నిమురుచుండెను. మేము ఊపిరి బిగబట్టితిమి. తన పిల్లను నాకుచున్న నాలుక ప్రక్కదానిపైకి జారెను, తరువాత దానిప్రక్కదానిపైకిని పోయెను. గోధుమవన్నె కూన తోకక్రింద నాకగానే అది మూత్రము విడిచెను. తల్లి అంగీకరించినదనుటకు అంతకంటె గుర్తు లేదు.

కాని నాలుగవదియగు మచ్చలకూనను మోతి ముక్కుతో నెట్టివేసెను. మరల పెట్టిన మరల నెట్టెను. కారణ మాలోచింపగా, ఆ యుదయముననే మలినమైయున్నదని దానిని మేము వాసనసబ్బుతో కడిగి యుంటిమి! దానిని మోతి పిల్లప్రక్కనే గుడ్డలో చుట్టియుంచి, ఆ రాత్రి మేమే పాలు పోసితిమి. మఱునాడు తెల్లవాఱునప్పటికి సబ్బువాసన పోయి గోనెవాసన పట్టినది. అప్పుడు మోతి దానిని దగ్గఱకు తీసికొనెను. ఇట్టి పని చేయువారు కూనలకు సబ్బు, అత్తరు, పసుపు తగులనీయరాదు. మొదటి రెండు దినములు కుక్కను కూనలతో ఒంటరిగా విడువనురాదు.

పాలిచ్చు కుక్క దొరకదని నిరాశ చెందవలసిన పని లేదు. ఎదకు వచ్చి చూలు నిలువని కుక్కకును ఆ పిమ్మట సుమారు రెండు నెలలకు పొదుగు నిండి పాలు వచ్చుట కలదు. అట్టివియు పరాయికూనలకు తల్లులగుచుండును. కుక్క వాత్సల్యము తన జాతితోనే ఆగదు. 2008వ సంవత్సరమున అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున తల్లి విడిచిన మూడు తెల్లపులి కూనలకు ఇసబెల్లా యను కుక్క పాలిచ్చి పెంచెను. అయితే తల్లిగా నెంచు కుక్కకు గజ్జి, జ్వరము వంటి రోగములు లేకుండవలెను. పిచ్చికుక్క వ్యాధికి ముందుగానే టీకా వేయించి యుండవలెను.

మేము ప్రతిదిన మొకే వేళకు ఐదు కూనలను తూచితిమి. బడి వంటమనిషి త్రాసు నడిగి తెచ్చుకొంటిమి. మొదటినాడు రెండువందల గ్రాములకు కొంచె మెక్కువ తూగిన గోధుమకూన పదునొకండవనాటికి ఇనుమడించెను. అందఱికంటె ముందు మోతి సొంతపిల్లనే తూచెడివారము. పరాయిబిడ్డలవలన దాని పాలు తఱుగరాదని మా పట్టుదల. పదియవనాడు మా కూనలు కన్నులు తెఱచినవి. పుట్టిన పది మొదలు పదునాలుగు దినములలో కుక్కపిల్లలు కన్నులు తెఱచుట సహజము. బడిపిల్లలు ఆనాడు గంటకొట్టినంతనే మా పెరటిలోనికి పరుగెత్తుకొని వచ్చిరి. మా అత్తగారును కొట్టము వాకిట పీట వేసికొని కూర్చుండ మొదలిడిరి.

పదునెనిమిదవనాటి రాత్రి గండము వచ్చెను. మోతి నిలువలేక కాళ్లు బిగదీసి వణకుచు, నాలుక వ్రేలవేసి రొప్పుచుండెను. ఒడలు కాలిపోవుచుండెను. కబురంపగా ఆ యిల్లాలు పరుగున వచ్చి, చూచి, మమ్మొక మాటయు అనక మోతి తల ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. ఆమె తిట్టియుండినను మాకు అంత బాధ కలుగకపోయెడిది. మా వారు ఆటో తెచ్చిరి. నిద్రనుండి లేపినను విసుగుకొనక డాక్టరుగారు చూచి, పాలద్వారా సున్నపుపాలు అధికముగా పోవుటచే నెత్తుట కాల్షియము తగ్గినదని చెప్పి, నరములోనికి మెల్లమెల్లగా మందెక్కించిరి. గడియ గడువకమున్నే వణకు తగ్గెను. ఎక్కువ పిల్లలకు పాలిచ్చు కుక్కలకు ఈనిన రెండు మొదలు నాలుగు వారములలో ఈ జబ్బు వచ్చునట. తెల్లవాఱుదాక చూతమని యూరకున్నచో ప్రాణము దక్కెడిది కాదు.

ఇంటికి వచ్చిన పిదప మేము ఆమెతో, "మాట ప్రకారము రేపటినుండి మా కూనలను వేరుచేసెదము" అంటిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. తరువాత, "ఒక్కదినం ఆపుదాం పంతులమ్మా. కోలుకున్నంక పొద్దుకోపూట విడుద్దాం. అదే వాటిని ఇడుస్తలేదు, మనం ఎట్ల ఇడిపిస్తం?" అనెను. నిజమే. వైద్యశాలనుండి వచ్చిన మోతి నడువలేకయు కూనల గంపవైపే మెడ చాచుచుండెను.

డాక్టరుగారి యాజ్ఞ చొప్పున ఒక దినము కూనలకు పాలపొడి కలిపి మేమే త్రాపితిమి. ఆ తరువాత మోతివద్దకు పూటకొకసారి మాత్రమే విడిచి, పళ్లెములో పలుచని ఆహారము నాకుట నేర్పితిమి. మూడవవారము దాటిన కూనలు నాకనేర్చును. మొదట అందులో కాళ్లు పెట్టి ముక్కులు ముంచుకొని తుమ్మినవి. నాలుగు దినములలో పళ్లెము అద్దమువలె నాకివేసినవి. మోతి మేత సంగతియు మేము సరిగా చూడకపోతిమని అప్పుడు తెలిసినది. ముమ్మరముగా పాలిచ్చు కుక్కకు మామూలు తిండికి రెండు మూడింతలు కావలెను. మేము జొన్నసంకటియు మజ్జిగయు పెట్టి చాలుననుకొంటిమి. నాటినుండి మా సొమ్ముతో ఆ యిల్లాలు తన గుడిసెలో గ్రుడ్లును మాంసపుముక్కలును వండి తెచ్చెడిది. మా ఇంట వండరానిదైనను, మా కొట్టమున తినుటకు మా అత్తగా రడ్డు చెప్పలేదు.

రెండవవారమునుండి పదునైదు దినముల కొకమారు నులిపురుగుల మందు, ఆరు మొదలు ఎనిమిది వారముల వయస్సున పార్వో, డిస్టెంపరు వ్యాధులకు టీకాలు, మూడు నెలలకు పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించితిమి. ఈ చివరిదానిని ఎవ్వరును మఱువరాదు. కుక్క కఱచినను గీరినను తక్షణము సబ్బుతో పాఱునీట పదునైదు నిమిషములు కడిగి, వైద్యశాలకు పోయి సూదిమందు వేయించుకొనవలెను. 1885లో ఫ్రాన్సు దేశపు లూయీ పాశ్చరు ఒక బాలుని బ్రతికించిన నాటినుండి ఈ మహమ్మారికి విరుగుడు మన చేతులలోనే యున్నది.

నలువదియవనాడు మోతి తన ఇంటికి పోయెను. పాలింకిన పిమ్మట దానికి పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్సయు చేయించితిమి. వీథికుక్కల సంఖ్య తగ్గుటకు ఇదియే సరియైన మార్గమని 2023వ సంవత్సరపు జంతు జనన నియంత్రణ నియమములును చెప్పుచున్నవి. పట్టణమున నుండు సోదరీమణులకు అక్కినేని అమలగారు 1992లో స్థాపించిన హైదరాబాదు బ్లూక్రాసు వంటి సంస్థలు తోడ్పడును. పల్లెలలో మనకు ప్రభుత్వ పశువైద్యుడే దిక్కు.

మా కూనలలో మేలైనదానిని ఏరుకొమ్మని ఆ యిల్లాలి నడిగితిమి. మోతి నెట్టివేసిన మచ్చలకూననే ఆమె యేరుకొనెను. "దీన్ని అది ఒద్దన్నది, మల్ల రమ్మన్నది. ఇదే దానెంట ఉండాలె" అని కారణము చెప్పెను. ఒకటి తోటమాలి ఇంటికిని, ఒకటి బడి కావలికిని పోయెను. గోధుమకూన మాయింటనే నిలిచినది. దానికి మా అత్తగారు సరమ యని పేరు పెట్టిరి.

సరమ దేవతల కుక్క. పణులు దాచిన గోవుల జాడ తీసినది ఆమెయే. కుక్కకు సారమేయమను పేరు ఆమెవలననే వచ్చినది. నన్నయ భారతమున ఆదిపర్వమున, ఆమె బిడ్డ జనమేజయుని యజ్ఞవాటికలో ఆడుకొనుచుండగా రాజు తమ్ములు నిష్కారణముగా కొట్టిరి. తల్లి వచ్చి, తప్పు చేయనివారికి కీడు చేసినవారికి అనుకొనని భయము కలుగునని రాజుతో చెప్పి పోయెను. అంతటి మహాకావ్యము ఆరంభముననే ఒక కుక్కపిల్లకు జరిగిన అన్యాయమును చెప్పినది. దాని చివర ధర్మరాజు వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని నిలిచెను. చిన్ననాట మా తండ్రిగారివద్ద ఈ రెండు కథలను పాఠముగా చదివితిమి. ఆ రెంటి నడుమనున్న ధర్మమును గొఱ్ఱెలు కాచుకొను ఒక యిల్లాలు మాకు చూపినది.

నల్లకూనను పెరటి కానుగచెట్టు క్రింద పాతిపెట్టితిమి. తెలియక చేసితిమని మనస్సునకు చెప్పుకొన్నను బాధ తీరలేదు. చదువరు లెవ్వరైనను తల్లిలేని కూనను చేతికెత్తుకొనునపుడు ముందు వెచ్చజేసి, బోరగిల పట్టి, తరువాత పాలు పోసినచో, ఆ చిన్నప్రాణము ఊరకే పోలేదని మాకు ఊరట కలుగును.

ప్రతిదినము ప్రొద్దెక్కిన వేళ మంద మా వాకిటిమీదుగా పోవును. ముందు మోతి, దాని వెనుక దాని పిల్లయు మచ్చలదియు నడచును. సరమ గేటువద్దకు పరుగెత్తి తోక యాడించును. మోతి ఒక్కక్షణ మాగి, ఇనుపచువ్వల సందున ముక్కు పెట్టి దాని ముఖమును నాకి, మరల మందవెంట పోవును.